పాత మోటారు గేజీలు: విప్పదగినవి, విప్పరానివి

మోటారుబండి యనగానే అది పురుషుల వ్యవహారమని మనలో పెక్కుమంది తలంతురు. ఇంజను మాట యటుండనిండు. చోదకుని యెదుటి పలకలోని గేజీలను బాగుచేయు పనికి మాత్రము బలముకంటె ఓర్పు ముఖ్యమని మేము స్వానుభవమున తెలిసికొంటిమి.

మా పుట్టినింట నొక పాత అంబాసిడరు కలదు. 1958లో మొదలై 2014లో తయారీ నిలిచిపోయిన బండి యది. దాని స్పీడోమీటరు ముల్లునకు పిచ్చి పట్టినట్లయ్యెను. కారు ఎడ్లబండి వెనుక మెల్లగా నడచుచున్నను ముల్లు నూరు దాటి చూపుచుండెను. పారవేసి క్రొత్తది తెత్తమని తమ్ముడనగా, ఒకసారి విప్పి చూతమని మేమంటిమి.

లోపలి యేర్పాటు మిక్కిలి వింతయైనది. 1902లో స్ట్రాస్‌బర్గు నగరవాసియగు ఆటో షుల్జె పేటెంటు పొందిన పద్ధతి యిది. గేరుపెట్టె నుండి వచ్చు కేబులు చివర నొక అయస్కాంతము గిఱ్ఱున తిరుగును. దానిని తాకకయే దాని చుట్టు చిన్న అల్యూమినియపు గిన్నె యుండును. ముల్లు ఆ గిన్నె యిరుసునకే తగిలింపబడినది. అయస్కాంతమనగా ఇనుమునకు ప్రియమైనదని కదా అర్థము! అల్యూమినియముతో దానికి చుట్టరికము లేదు; కదలక యున్నప్పుడు దానిని లాగనే లాగదు. తిరుగునప్పుడు మాత్రము గిన్నెలో విద్యుత్తు సుడులు పుట్టి, గిన్నెయు దాని వెంట తిరుగబోవును. వెండ్రుకవంటి స్ప్రింగొకటి గిన్నెను వెనుకకు లాగుచుండును. ఈ రెండు లాగుళ్లును ఎచ్చట సరిపడునో అచ్చట ముల్లు నిలుచును.

మా గేజీలోని తప్పు తెలిసిన పిమ్మట నవ్వు వచ్చినది. ఎవరో కేబులునకు ధారాళముగా గ్రీజు పూసిరి. అది కేబులు వెంబడి పైకెక్కి అయస్కాంతమునకును గిన్నెకును నడుమ జిగురై కూర్చున్నది. ఇక తాకకుండుట యెక్కడిది?

అంచునున్న లోహపు కట్టును మెల్లగా త్రిప్పగా గాడులు కలిసి అది యూడివచ్చెను. అద్దము తీసి వేరుగా నుంచితిమి. ముల్లు తీయుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. ముల్లు సున్న వద్ద నిలుచుట చిన్న మేకున కానుకొనియే. దానిని మేకు మీదుగా దాటించి విడిచినచో ఇంకను దిగువకు పోయి నిలుచును. ఆ చోటు గుర్తు పెట్టుకొననిచో, తిరిగి అమర్చిన తరువాత ప్రతి వేగమును తప్పుగానే చూపును. మేము కాగితముపై బొమ్మ గీసికొంటిమి. పిదప పలకపై మెత్తని కాగితము పరచి, రెండు చిన్న చెంచాలతో ఇరువైపుల సమముగా నెత్తగా ముల్లు ఊడినది. ఒక ప్రక్కనే యెత్తినచో సన్నని యిరుసు వంగును.

పలకమీది అంకెలను తడిగుడ్డతో తుడువరాదు, అంకెలే చెరగిపోవచ్చును. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితిమి. గిన్నెను, అయస్కాంతమును ఆల్కహాలు తడిపిన దూదిపుల్లతో శుభ్రపరచితిమి. స్ప్రింగు జోలికి పోలేదు. కేబులును కిరసనాయిలుతో కడిగి, పలుచగా గ్రీజు పూసి, పై కొనను జానెడు పొడిగా వదలితిమి. తిరిగిన దూరమును చూపు అంకెల చక్రములను కదపలేదు. వయసు దాచు ముచ్చట ఆడువారికంటె పాత కార్లమ్మువారికే యెక్కువ!

తమ్ముని ఫోనులోని జీపీయస్ వేగముతో పోల్చగా, నలుబది వద్దను అరువది వద్దను కొద్దిపాటి తేడాయే కనబడినది.

ఈ యుత్సాహమున తమ్ముడు మరునాడే తన మిత్రుని యింటనుండి ఇంకొక గేజీ తెచ్చెను. అది రెండవ ప్రపంచయుద్ధకాలపు సైనిక జీపుది. యుద్ధానంతరము అట్టి మిగులు జీపులు మన దేశమునను ప్రజలకు అమ్ముడుపోయినవి. దానిపై అంకెలు దళసరి రంగుతో దిద్దబడి, మాడిన బెల్లపు వన్నెకు తిరిగియున్నవి. “పూర్వము చీకటిలో మెరిసెడిదట అక్కయ్యా. ఇప్పుడు మెరుపు చచ్చినది. గీకి క్రొత్త రంగు వేయుదమా?” అనెను.

మేము దానిని విప్పనీయలేదు. ఆ కాలపు మెరయు రంగులలో రేడియము కలిపెడివారు. రేడియపు కిరణములు సోకి జింకు సల్ఫైడు వెలుగును. కొన్నేండ్లకు జింకు సల్ఫైడు శక్తి యుడిగి వెలుగు పోవును. రేడియము పోదు, అది సగము తరుగుటకే సుమారు 1600 ఏండ్లు పట్టును. మెరుపు చచ్చినను విషము చావలేదన్నమాట.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, ఆరెంజ్ పట్టణములో, 1917 మొదలుకొని పడుచుపిల్లలు గడియారపు పలకలపై ఈ రంగుతో అంకెలు దిద్దుచుండిరి. కుంచె మొన సన్నబడుటకు పెదవులతో నొక్కవలెనని వారికి నేర్పిరి. నోటిలోనికి పోయిన రేడియము కాల్షియము వలెనే ఎముకలలో చేరును. వారి దవడలు కుళ్లినవి, ఎముకలు విరిగినవి. గ్రేస్ ఫ్రయరను నామె మరి నలుగురు స్త్రీలతో కలిసి 1927లో దావా వేసెను. 1928లో రాజీ కుదిరినది. 1933లో ఆమె కన్నుమూసెను.

అట్టి గేజీ అద్దము పగులక మూసియున్నంతవరకు భయము తక్కువ. విప్పినను, గీకినను రేగు ధూళి ఊపిరితో లోనికి పోవుటయే ప్రమాదము. కనుక దానిని గట్టి సంచిలో మూసి, పిల్లలకందని చోట నుంచి, మన దేశమున ఇట్టి పదార్థములను పర్యవేక్షించు అణుశక్తి నియంత్రణ మండలి సలహా కోరవలెనని చీటి వ్రాసి ఆ మిత్రునికి పంపితిమి. ఆ యింటి పసివాడు దానిని బండిచక్రమని దొర్లించి యాడుకొనుచుండెనట. ఆ మాట విన్నప్పటినుండి తమ్ముడు పాత గేజీ యేది కనబడినను ముందుగా అంకెలవంకనే చూచుచున్నాడు.