ఫైటరు చేపకు గాజు ఇల్లు

మా జంతుశాస్త్ర ప్రయోగశాల కిటికీ పక్కన, రెండు లీటర్ల గాజు సీసాలో నీలి రంగు ఫైటరు చేప యొకటి పదునాలుగు దినములు జీవించెను. ప్రతి ఉదయము మేము దానిని గిన్నెలోనికి మార్చి, సీసాను సబ్బుతో కడిగి, కుళాయి నీటితో నింపుచుంటిమి. ఇంతటి శుభ్రత మరెక్కడ నుండునని గర్వించితిమి కూడ. పదునైదవ దినమున అది అడుగున పడియుండెను. మా అధ్యాపకులు మమ్ము కోపగించుకొనలేదు. ఆ చేప ఏ నీటిలో పుట్టినదో తెలిసికొని రమ్మనిరి. అట్లు తెలిసికొన్న విషయములనే ఈ వ్యాసమున మనవి చేయుచున్నాము.

ఈ చేప స్వస్థలము థాయిలాండు. అక్కడి వరి మళ్ళు, చిత్తడి నేలలు, నాచు పెరిగిన కాలువలు దీని నివాసములు. థాయి భాషలో దీనిని ‘ప్లా కట్’ అందురు. కొరుకు చేప యని అర్థము. 1910లో రీగన్ అను శాస్త్రజ్ఞుడు దీనికి ‘బెట్టా స్ప్లెండెన్స్’ అని నామకరణము చేసెను. 2019లో థాయి ప్రభుత్వము దీనిని తమ జాతీయ జలచరముగా ప్రకటించినది. అడవి జాతి చేపలకు రెక్కలు పొట్టివి, రంగులు మందమైనవి. అంగళ్ళలో మనము చూచు పొడవైన రెక్కలు, మెరయు రంగులు మానవుడు తరతరములుగా ఏరి పెంచిన ఫలితములే.

ఈ చేపకు మొప్పలతో పాటు మరియొక శ్వాసావయవము కలదు. మొప్పల పైనున్న గదిలో మడతలు పడిన ఎముక రేకులపై రక్తనాళములు నిండిన పలుచని పొర యుండును. దీనినే లాబిరింత్ అవయవ మందురు. చేప నీటి పైకి వచ్చి గాలిని గుటకవేసి ఈ గదిలో నింపుకొనును. తెలంగాణ రాష్ట్ర చేపయైన కొర్రమీను సైతము వేరొక విధమైన అవయవముతో ఇట్లే గాలి పీల్చును. ప్రాణవాయువు తక్కువైన నీటిలోను ఫైటరు చేప బ్రతుకుటకు కారణ మిదియే. కాని దీనినుండియే ఒక పెద్ద అపోహ పుట్టినది. గాలి పీల్చగలదు గనుక గ్లాసెడు నీరు చాలునని అమ్మువారును, కొనువారును తలంచుచున్నారు. గాలి చాలవచ్చును, కాని అంత కొద్ది నీటిలో విసర్జనలు త్వరగా విషమగును, ఉష్ణోగ్రత గంటగంటకు మారును.

కనుక తొట్టి కనీసము 20 లీటర్ల నీరు పట్టునదిగా నుండవలెను. మేము 40 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 25 ఎత్తు గల గాజు తొట్టిని ఎన్నుకొంటిమి. 20 సెంటీమీటర్ల ఎత్తువరకు నీరు పోసిన సరిగా 20 లీటర్లగును. మిగిలిన 5 సెంటీమీటర్లు గాలికి విడువవలెను. ఈ చేప ఎగిరి దుమికే స్వభావము గలది గనుక గాలి ఆడు మూత తప్పనిసరి. నీటి బరువే 20 కిలోలు గనుక బల్ల గట్టిదై యుండవలెను. ఎండ నేరుగా తగులరాదు. అడుగున కడిగిన గులకరాళ్ళు పరచి, హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటి మెత్తని మొక్కలు నాటవలెను. మొనదేలిన అలంకారములు రెక్కలను చింపును. నీటిని మెల్లగా కదలించు స్పాంజి ఫిల్టరు చాలును. ఉధృతమైన ప్రవాహము ఈ చేపను అలసింపజేయును.

కుళాయి నీటిలోని క్లోరిను మనకు మేలు చేయునదే కాని చేప మొప్పలను కాల్చును. నీటిని వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువయుంచిన క్లోరిను చాలవరకు పోవును. క్లోరమిను కలిపిన నీరైనచో అట్లు పోదు. అంగళ్ళలో దొరకు క్లోరిను విరుగుడు ద్రవమును వాడుట క్షేమము. ఉష్ణోగ్రత 24 నుండి 28 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య నుండవలెను. చలికాలపు రాత్రులలో థర్మోస్టాటు గల చిన్న హీటరు అవసరమగును.

ఇక అన్నిటికన్న ముఖ్యమైన సంగతి కంటికి కనబడనిది. చేప విసర్జించిన అమ్మోనియా దానికే విషము. ఒక జాతి బాక్టీరియా దానిని నైట్రైటుగా మార్చును; అదియు విషమే. మరియొక జాతి నైట్రైటును నైట్రేటుగా మార్చును. అది చాల తక్కువ హానికరము. ఈ సూక్ష్మజీవులు స్పాంజిలోను, రాళ్ళపైనను స్థిరపడుటకు సుమారు 4 నుండి 6 వారములు పట్టును. అందుచేత మేము చేప లేకయే తొట్టిని నడపి, దినమునకు చిటికెడు మేత వేసి కుళ్ళనిచ్చి, పరీక్షా ద్రవములతో అమ్మోనియా, నైట్రైటు రెండును శూన్యమైన తరువాతనే చేపను తెచ్చితిమి. మునుపు సబ్బుతో మేము ప్రతిదినము కడిగివేసినది మురికి మాత్రమే కాదు, ఈ సహాయకులను కూడ.

చేపను తెచ్చిన సంచిని పావుగంట తొట్టి నీటిపై తేలనిచ్చి, తొట్టి నీటిని కొద్దికొద్దిగా అందులో కలిపి, పిదప చేపను విడువవలెను. ఇది మాంసాహారి, దోమ పిల్లపురుగులు దీనికి ప్రీతి. పూటకు రెండు మూడు మేత గుళికలు, దినమునకు రెండు పూటలు చాలును. వారమునకొకసారి నాలుగవ వంతు నీటిని మార్చవలెను. స్పాంజిని కుళాయి క్రింద కాక, తీసిన తొట్టి నీటిలోనే పిండవలెను.

రెండు మగ చేపలను ఒక తొట్టిలో నుంచరాదు. వరిమడిలో ఓడిన చేప పారిపోవుటకు తావుండును. గాజు గోడల నడుమ అట్టి తావు లేదు. ఈ కలహప్రియుడే ఉత్తమ తండ్రి యగుట విశేషము. మగ చేప నోటితో బుడగలు ఊది నీటిపై గూడు కట్టును. ఆడ చేప పెట్టిన గ్రుడ్లను ఏరి గూటిలో నుంచి, పిల్లలు ఈదువరకు తానే కావలి కాయును.

మా రెండవ చేప ఎర్రనిది. గత మాసమున హైడ్రిల్లా కొనల నడుమ అది బుడగల గూడు కట్టినది. తొట్టిపై దాని పేరును ఉర్దూ, తెలుగు లిపులు రెండింటను వ్రాసి అంటించితిమి. వేసవి సెలవులలో దానికి మేత వేయువారి పట్టికయు ప్రక్కనే కలదు. మొదటి వారమునకు నలుగురు పేర్లిచ్చిరి. మే నెల చివరి పది దినములు ఇంకను ఖాళీగా నున్నవి. కళాశాలకు దగ్గర నివసించు విద్యార్థులు ఆ గడులను నింపవలెననియు, ఆ దినములలో ప్రయోగశాల తలుపు దినమున కొక్క గంట తెరచియుంచుటకు కమిటీవారు అనుమతించవలెననియు కోరుచున్నాము.