పాత కారులో తీపి వాసన

వానకాలపు సాయంకాలమున కారు ముందరి అద్దము లోపలివైపు మసకబారినచో, గుడ్డతో తుడిచి సాగిపోవుట మనకు అలవాటు. వట్టి తేమయైనచో తుడిచినంతనే పోవును. కాని తుడిచినకొలది జిడ్డుగా అలముకొనుచు, తీయని వాసన కూడ వచ్చుచున్నచో, హీటరు కోర్‌కు చిల్లుపడినదేమో యని మనము అనుమానింపవలెను.

హీటరు కోర్ అనగా డాష్‌బోర్డు వెనుక దాగియున్న చిన్న రేడియేటరు. ఇంజనులో వేడెక్కిన నీరు ఒక రబ్బరు గొట్టముద్వారా దానిలో ప్రవేశించి, వేరొక గొట్టముద్వారా మరలిపోవును. ఫ్యాను గాలి దాని రేకుల నడుమ వీచి, వెచ్చనై కారులోనికి వచ్చును. ఉక్కతో వేగు మన ఊళ్ళలో హీటరుతో పని యేమని అడుగవచ్చును. మనము వాడకున్నను, పెక్కు కార్లలో వేడినీరు దాని గుండ ప్రవహించుచునే యుండును.

ఇది వట్టి నీరు కాదు. ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవమును, తుప్పును అరికట్టు మందులును కలిసిన కూలెంటు. ఏండ్లు గడచినకొలది ఆ మందులు శక్తి నశించి, ద్రవము ఆమ్లగుణము పొంది లోహమును తినివేయును. తగ్గినపుడెల్ల బోరునీరు పోయుటవలన గార పేరుకొని కీడు హెచ్చగును.

కాళ్ళక్రింద తడి కనబడినంతనే కోర్ చెడినదని తీర్మానింపరాదు. ఎ.సి. నీరు బయటకు పోవు గొట్టము పూడినను అచ్చటనే తడి యగును. ఆ నీటికి రంగును, వాసనయు నుండవు. కూలెంటు రంగు కలిగి వ్రేళ్ళకు జిగటగా తగులును. రుచి చూడరాదు. ఇథిలీన్ గ్లైకాల్ విషము. మూత్రపిండములను చెరచి ప్రాణము తీయగలదు. పిల్లలును, కుక్కలును తీపికి ఆశపడకుండ, ఒలికినదానిని వెంటనే కడిగివేయవలెను.

అనుమానము తీరుటకు, చల్లారిన ఇంజను రేడియేటరునకు మెకానిక్కు చేతిపంపు బిగించి, మూతపై వ్రాసిన ఒత్తిడి మేరకు గాలి యెక్కించును. ముల్లు దిగుచు, కాళ్ళక్రింద జిగట చెమ్మ యూరినచో సందేహము లేదు. వేడి ఇంజనుపై మూత తీయుట మాత్రము మహాప్రమాదము. ఒత్తిడివలన 100 డిగ్రీలు దాటియు మరుగక నిలిచిన నీరు, మూత వదులైనంతనే ముఖముపై చిమ్మును.

దారిలో చిక్కుకొనినచో, ఇంజను చల్లారిన పిదప కోర్‌నకు పోవు రెండు గొట్టములను విప్పి, ఒకదానితో నొకటి కలిపి, క్లిప్పులు బిగించి, తగ్గిన కూలెంటును నింపి ఇల్లు చేరవచ్చును. ఉష్ణప్రదేశమున దీనివలన లోటు స్వల్పమే. చలిదేశములందు నివసించు మనవారు మాత్రము దీనితో తృప్తిపడరాదు; అద్దముపై మంచును కరగించి దారి చూపునది ఆ వెచ్చని గాలియే. చిల్లులు పూడ్చు పొడులను నమ్మరాదు. అవి రేడియేటరు సన్నని దారులను సైతము పూడ్చగలవు.

పాత ఇత్తడి కోర్‌ను మాటువేయించవచ్చును. అల్యూమినియము దానిని మార్చుటయే మేలు. డాష్‌బోర్డు విప్పుటయే పెద్దపని గనుక, గొట్టములను, క్లిప్పులను అప్పుడే మార్పించుకొనవలెను. పిదప తయారీదారులు చెప్పిన కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో కలిపి నింపి, లోపల చిక్కిన గాలిని వెడలగొట్టవలెను.

ఉపేక్షించినచో నీరు తరిగి ఇంజను హెడ్డు వంగును. రాత్రివేళ అద్దము మసకబారి ఎదుటి మనిషి కానరాకపోవును. కావున వారమునకొకసారి, చల్లని ఇంజనుపై కూలెంటు మట్టము చూడవలెను. అది తగ్గినచో మరల నింపి ఊరకుండక, ఎచ్చటికి పోయినదో వెదకవలెను.