గీతల్లో దాగిన కొండ

బాలలూ! ఈ నెల ముచ్చట మొదలుపెట్టే ముందు వంటింట్లోకి వెళ్ళి, అమ్మనడిగి ఒక పెద్ద బంగాళాదుంప తెచ్చుకోండి. దాన్ని నిలువుగా సగానికి కోయించి, ఒక చెక్కను లోతైన గిన్నెలో బోర్లా పెట్టండి. అదే మన కొండ.

ఇప్పుడు గిన్నెలో వేలి మందాన నీళ్ళు పోయండి. నీటి అంచు దుంపను ఎక్కడ తాకుతున్నదో, ఆ అంచు వెంబడే చుట్టూ ఒక మేకుతో గీత గీయండి. మళ్ళీ వేలి మందాన నీళ్ళు పోసి, మళ్ళీ గీయండి. దుంప మునిగేదాకా ఇలాగే చేసి, నీళ్ళు పారబోయండి. ఇక దుంపను సరిగ్గా పైనుంచి చూడండి. ఒక చుట్టులో మరొక చుట్టు, దానిలో ఇంకొక చుట్టు కనిపిస్తాయి. ఆ చుట్లను వున్నవి వున్నట్టు కాగితం మీద వేస్తే, అది మీ బంగాళాదుంప కొండకు పటం!

ఒకే ఎత్తులో వున్న చోట్లన్నిటినీ కలిపే ఇటువంటి గీతను సమోన్నత రేఖ అంటారు. 1774లో స్కాట్లండు దేశంలో షిహాలియన్ అనే కొండ సాయంతో భూమి బరువు తెలుసుకోవాలని కొందరు శాస్త్రజ్ఞులు పూనుకున్నారు. ఆ కొండ మీద ఎన్నో చోట్ల ఎత్తులు కొలిచారు. ఆ లెక్కలు కట్టే పని చార్లెస్ హట్టన్ అనే గణిత పండితుడికి పడింది. కాగితం నిండా అంకెలే! అప్పుడాయన ఒకే ఎత్తుగల చోట్లను గీతతో కలిపి చూశాడు. అంతవరకూ అంకెల గుట్టగా వున్నది, కొండ ఆకారంగా కనిపించింది.

మన దేశంలో ఇటువంటి పటాలు తయారుచేసే సంస్థ సర్వే ఆఫ్ ఇండియా. అది 1767లో ఏర్పడింది. దాని పటాలలో సమోన్నత రేఖలు గోధుమరంగులోనూ, నీళ్ళు నీలంగానూ, అడవులు ఆకుపచ్చగానూ వుంటాయి. ఒక రకం పటంలో 2 సెంటీమీటర్లు నేలమీద 1 కిలోమీటరుకు సమానం. సాధారణంగా ఒక గీతకూ, పక్క గీతకూ 20 మీటర్ల ఎత్తు తేడా వుంటుంది.

ఇదంతా నాకు పుస్తకాల ద్వారా బాగా తెలుసు. పరీక్షల్లో మంచి మార్కులు కూడా వచ్చాయి. అయినా ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక పొరపాటు చేశాను. అది ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు, మీకు చెబుతున్నాను.

ఒక శీతకాలం ముప్ఫైమంది పిల్లలను తూర్పు కనుమల్లో ఒక కొండ మీదికి తీసుకుపోయాను. తిరిగివచ్చేటప్పుడు ప్రొద్దు వాలుతున్నది. వచ్చిన దారి చుట్టుదారి. పటం తీసి, శిఖరం నుంచి కింది వూరికి స్కేలు పెట్టి కొలిచాను. సరిగ్గా 2 సెంటీమీటర్లు. "ఒక్క కిలోమీటరే గదా, అరగంటలో పోదాం పదండి!" అన్నాను.

వెనకనుంచి ఒక కుర్రవాడు, "మాస్టారూ, ఇక్కడ గీతలు మరీ ఒత్తుగా వున్నాయండీ," అన్నాడు. నేను వినిపించుకోలేదు.

సగం దూరం పోయేసరికి కాళ్ళకింద నేల నిట్టనిలువుగా దిగిపోయింది. రాళ్ళు జారుతున్నాయి. ఆ కుర్రవాడే కాలు జారి పడి, మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. చీకటి పడింది. ముందుకు పోలేము, వెనక్కు ఎక్కలేము. చివరకు మా కేకలు విని, మేకలు తోలుకుపోతున్న ఒక తాత వచ్చి, మమ్మల్ని పక్కగా నడిపించి, వాలు తక్కువగా వున్న దారిన దింపాడు. దూరం మూడింతలు, కాని మరెవరికీ దెబ్బ తగలలేదు.

ఆ రాత్రి దీపం దగ్గర పటం మళ్ళీ చూశాను. నేను దిగబోయినచోట అర సెంటీమీటరులో పదకొండు గీతలున్నాయి. పదకొండు గీతల మధ్య పది సందులు. సందుకు 20 మీటర్లు. అంటే 250 మీటర్లు నడిచేలోగా 200 మీటర్లు దిగాలి! తాత చూపిన దారిలో గీతలు ఎడంఎడంగా వున్నాయి. తాతకు పటం చదవటం రాదు, కొండ చదవటం వచ్చు. నాకు రెండూ రాలేదన్నమాట. కుర్రవాడి చెయ్యి నయమయింది. వాడి మాట వినని సిగ్గు మాత్రం నాలో మిగిలిపోయింది.

అంచేత ఈ మూడు సంగతులు గుర్తుంచుకోండి. గీతలు ఒత్తుగా వుంటే నేల నిటారు. ఎడంగా వుంటే నేల ఏటవాలు. గీతలు బాణం ములుకులా మెలిక తిరిగి, ఆ ములుకు ఎత్తువైపుకు చూస్తుంటే, అక్కడ వాగో లోయో వున్నట్టు.

అసలు ఈ ఎత్తుపల్లాలు ఎలా వచ్చాయి? భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. అది కొన్ని పెద్ద పలకలుగా, మరికొన్ని చిన్న పలకలుగా విడిపోయి వున్నది. ఈ పలకలు కదులుతూ వుంటాయి. మన దేశాన్ని మోస్తున్న పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా పోతున్నది. మన గోళ్ళు పెరిగే వేగం కూడా ఇంచుమించు అంతే!

పలకల అంచుల దగ్గరే వింతలన్నీ. అట్లాంటిక్ సముద్రం మధ్య అవి ఒకదానికొకటి దూరమవుతున్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. మనకు ఉత్తరాన ఢీకొంటున్నాయి. బల్లమీద తుండుగుడ్డ పరిచి రెండువైపుల నుంచీ నెట్టండి; మధ్య మడతలు లేస్తాయి. హిమాలయాలు లేచింది అలాగే. సుమారు 5 కోట్ల ఏళ్ళ నాడు మొదలైన ఆ తోపులాట నేటికీ ఆగలేదు. 8848.86 మీటర్ల ఎవరెస్టు కొనమీద వున్న రాయి ఒకప్పుడు సముద్రం అడుగున ఏర్పడిన సున్నపురాయి! మన తూర్పు కనుమలు హిమాలయాలకంటే ఎంతో పాతవి. వానా గాలీ యుగాల తరబడి అరగదీయగా మిగిలినవి.

మన తెలుగునాడు పలకల అంచుకు దూరంగా వున్నది గనక మనకేమీ భయం లేదనుకుంటున్నారా? సుమాత్రా దగ్గర మన పలక పక్క పలక కిందికి దూరుతున్నది. 2004 డిసెంబరు 26న ఆ అంచు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున ఒక్కసారిగా జారింది. సముద్రపు అడుగు ఎగదన్నింది. ఆ నీరు సునామీగా బయలుదేరి, రెండున్నర గంటలలో మన తీరం చేరింది. ఆనాడు పున్నమి, మంగినపూడి తీరాన స్నానాలకు వచ్చినవారు కొందరు కొట్టుకుపోయారు. మన రాష్ట్రంలో నూరుమందికి పైగా, అన్ని దేశాలలోనూ కలిపి రెండు లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి.

కృష్ణా డెల్టా పటం చూడండి. సముద్రం పక్కన ఎంత దూరం పోయినా గోధుమరంగు గీత కనిపించదు. ఎత్తు తెలిపే అంకెలు మాత్రం అక్కడక్కడ చుక్కల పక్కన వుంటాయి. గీత లేకపోవటం కూడా ఒక సమాచారమే: నేల చదునుగా వున్నది, నీటిని ఆపే ఎత్తు లేదు అని.

సుమాత్రా పక్కనే సిమెలూ అనే దీవి వున్నది. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామంది పోయారు. అప్పటినుంచీ అవ్వలు మనవలకు, "నేల గట్టిగా కంపించి, సముద్రం వెనక్కు పోతే, కొండకు పరుగెత్తండి," అని కథల్లో పాటల్లో చెబుతూ వచ్చారు. 2004లో పెద్ద అల నిమిషాలలో ఆ దీవిని ముంచింది. కాని జనం అప్పటికే కొండెక్కారు. డెబ్బయివేలకు పైగా వున్న జనంలో సునామీకి పోయినవారు ఏడుగురే!

2007 నుంచి మన హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది. సముద్రం అడుగున భూమి కంపించిన కొద్ది నిమిషాలలోనే అది కబురు చెప్పగలదు. కాని కబురు అందాక ఎటు పోవాలో తెలియాలి గదా!

కాబట్టి ఈ నెల మీరు చేయవలసిన పని ఇది. నాన్నగారితోనో తాతగారితోనో కలిసి మీ వూరి పటం గీయండి. ఎత్తయిన దిబ్బ ఏది, వాననీరు ఎటు పారుతుంది, గట్టి మేడ ఎక్కడున్నది, అన్నీ గుర్తుపెట్టండి. సందేహం వస్తే వూళ్ళో పెద్దవాళ్ళను అడగండి. పెద్దలూ, మీకూ ఒక మాట: పిల్లవాడు "ఇక్కడ గీతలు ఒత్తుగా వున్నాయండీ" అంటే, ఒక్క నిమిషం ఆగి చూడండి.