టీవీ నుంచి పాట వెళ్లిపోయింది.. మరి ఆ ఉద్యోగాలు?

శుక్రవారం దూరదర్శన్‌లో 'చిత్రలహరి' కోసం ఎదురుచూసేవాళ్లమని మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. ఇప్పుడు టీవీలో పాట కోసం ఎవరు ఆగుతున్నారు? 1981లో అమెరికాలో పాటల కోసమే పుట్టిన ఎంటీవీ, 2010లో లోగోలోంచి 'మ్యూజిక్ టెలివిజన్' అన్న మాటల్నే తీసేసింది. మన దగ్గర ఛానెల్ వీ మూతపడింది.

లెక్క సింపుల్. పాట నచ్చకపోతే రిమోట్ నొక్కేస్తాం. అదే పోటీ అయితే ఎవరు ఎలిమినేట్ అవుతారో తేలేదాకా కదలం. ప్రకటనలకు కావాల్సింది అలా కదలని ప్రేక్షకులే. నచ్చిన పాట యూట్యూబ్‌లో ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంటే టీవీలో వచ్చేదాకా ఎందుకు కూర్చుంటాం?

నేనూ ఒకప్పుడు వీజే అవుదామనుకున్నవాణ్నే (ఇంట్లో చెప్పలేదు లెండి). వీజేలు తగ్గినా, ఏ పాట ఎవరికి వినిపించాలో తేల్చే పని పోలేదు. స్ట్రీమింగ్ యాప్‌లకు, మ్యూజిక్ లేబుళ్లకు మారింది. ప్లేలిస్ట్ ఎడిటర్, మెటాడేటా, లైసెన్సింగ్ అని వెతికి చూడండి.

వీటిలో మెటాడేటా పని మనకు బాగా పనికొస్తుంది. సిరివెన్నెల సీతారామశాస్త్రి పేరును ఇంగ్లిష్‌లో మూడు రకాలుగా రాస్తే, సిస్టమ్‌కు ముగ్గురు మనుషులు! వెతికితే పాట సరిగా దొరకదు, రాయల్టీ లెక్కా చిక్కుపడొచ్చు. అక్కడ కోడింగ్‌తోపాటు తెలుగు కూడా రావాలి. ఈ వారం ఓ యాభై పాత పాటల వివరాలు స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, పేర్ల తేడాలను పైథాన్‌తో సరిచేసి గిట్‌హబ్‌లో పెట్టండి. రెజ్యూమెలో ఆ లింక్ ఇవ్వండి.