తేటపడిన సరస్సు

నీరు తేటగా నున్నంతకాలము చెరువును గూర్చి ఎవరును అంతగా ఆలోచింపరు. అది పచ్చబడి వాసన కొట్టినప్పుడు మాత్రము "దీనిని పాడుచేసినది ఎవరు?" అని ఒకరినొకరు అడుగుకొందురు. చాలసార్లు దానికి సమాధానము "మనమందరము" అనియే. అందరును కలిసి పాడుచేసిన జలాశయమును అందరును కలిసి బాగుచేయుట సాధ్యమా? సాధ్యమేనని చూపిన ఉదాహరణములలో అమెరికాలోని వాషింగ్టన్ సరస్సు మిక్కిలి ప్రసిద్ధమైనది.

సరస్సు, దాని ఒడ్డునున్న ఊళ్లు

అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్య మూలన సియాటిల్ నగరమున్నది. దానికి పడమట ప్యూజెట్ సౌండ్ అను సముద్రపు పాయ, తూర్పున వాషింగ్టన్ సరస్సు కలవు. పూర్వము హిమానీనదములు త్రవ్విన పల్లములో నీరు నిండి ఈ సరస్సు ఏర్పడినది. దీని పొడవు సుమారు 35 కిలోమీటర్లు, వైశాల్యము సుమారు 88 చదరపు కిలోమీటర్లు. సగటు లోతు 33 మీటర్లు. మిక్కిలి లోతైన చోట 65 మీటర్లు.

20వ శతాబ్ది తొలి దశకములలో సియాటిల్ నగరపు మురుగు ఏ శుద్ధియు లేకయే ఈ సరస్సులో కలియుచుండెడిది. 1930లలో ఆ మురుగును చాలవరకు సముద్రపు పాయవైపు మరలించిరి. కాని ఆ తరువాత సరస్సు చుట్టును క్రొత్త పట్టణములు పెరిగినవి. ప్రతి పట్టణమును తన మురుగును శుద్ధిచేయుటకు వేరుగా ఒక కర్మాగారమును కట్టుకొని, శుద్ధియైన నీటిని దగ్గరనున్న సరస్సులోనికి వదలినది. ఇట్లు పది కర్మాగారముల నుండి దినమునకు సుమారు 7 కోట్ల 60 లక్షల లీటర్ల నీరు సరస్సులో చేరు స్థితి వచ్చినది. ఏ ఊరి వారును తాము తప్పుచేయుచున్నామని అనుకొనలేదు. మురుగును శుద్ధిచేసిన పిమ్మటనే గదా వదలుచున్నది!

శుద్ధియైన నీటిలో మిగిలినదేమి?

ఇక్కడనే అసలు చిక్కున్నది. సాధారణమైన శుద్ధిలో సూక్ష్మజీవులు మురుగులోని కుళ్లు పదార్థమును తిని విడగొట్టును. అందుచే దుర్వాసన పోవును, నీరు తేరుకొనును, రోగకారక క్రిములు తగ్గును. కాని ఆ పదార్థములోని భాస్వరము, నత్రజని ఎక్కడికిని పోవు. అవి కరిగిన లవణముల రూపమున నీటిలోనే నిలిచియుండును. రైతు పొలమునకు వేయు ఎరువులలో నుండునవియు ఈ మూలకములే. కావున కంటికి శుభ్రముగా కనబడు ఆ నీరు నిజమునకు పలుచని ఎరువు.

పొలములో ఎరువు వేసిన పైరు పెరుగును. సరస్సులో ఎరువు వేసిన నాచు పెరుగును. ఇక్కడ నాచు అనగా రాళ్లనంటుకొని యుండునది కాదు. నీటిలో తేలియాడు, సూక్ష్మదర్శినితో గాని విడివిడిగా కనబడని శైవలములు. ఇవి కోట్లకొలదిగా పెరిగినప్పుడు నీరు చిక్కబడి రంగు మారును. అవి చచ్చి అడుగునకు దిగినప్పుడు వానిని కుళ్లజేయు బాక్టీరియాలు లోతునీటిలోని ఆమ్లజనిని ఖర్చుచేయును. ఆమ్లజని తరిగినచోట చేపలు బ్రతుకజాలవు. పోషక లవణములు పెచ్చుపెరిగి జలాశయము ఇట్లు మారుటను శాస్త్రజ్ఞులు అతిపోషణ యందురు.

ఒక నాచు ఇచ్చిన హెచ్చరిక

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున డబ్ల్యు. టి. ఎడ్మండ్‌సన్ (1916–2000) అను జంతుశాస్త్రాచార్యుడు సరస్సులను పరిశోధించుచుండెను. 1955లో ఈ సరస్సు నీటిలో ఆసిలటోరియా రూబెసెన్స్ అను శైవలము విస్తారముగా కనబడినది. ఇది నీలి-ఆకుపచ్చ శైవలముల జాతిలోనిది. ఆ జాతిని నేడు బాక్టీరియాల కోవలో చేర్చినారు. స్విట్జర్లాండులోని జ్యూరిక్ సరస్సు చెడిపోవుచున్న కాలమున, 1898లో, ఆ నీటినిండ వ్యాపించినదియు ఈ శైవలమే. అందువలన దీని రాకను ఎడ్మండ్‌సన్ ఒక హెచ్చరికగా గ్రహించెను.

అతనికి కలిసివచ్చిన విషయము మరియొకటి కలదు. ఈ సరస్సు నీటిని 1933లోను, 1950లోను ఇతరులు పరీక్షించి ఫలితములను వ్రాసియుంచిరి. ఆనాడు ఆ అంకెలకు గొప్ప ప్రయోజనము కనబడియుండదు. కాని అవియే లేకున్నచో సరస్సు మారినదో లేదో, మారినచో ఎంత మారినదో తేల్చుటకు వీలుండెడిది కాదు. పాత కొలతలను తన కొలతలతో పోల్చి, మురుగునీరు ఇట్లే వచ్చుచుండినచో సరస్సు ఇంకను చెడుననియు, దానిని ఆపినచో తిరిగి బాగుపడుననియు అతడు ముందుగనే చెప్పెను.

రెండు ఎన్నికలు

ఆ రోజులలో జేమ్స్ ఎల్లిస్ అను న్యాయవాది సరస్సు చుట్టునున్న ఊళ్ల మురుగు సమస్యను ఊరూరికి విడివిడిగా పరిష్కరింపజాలమని వాదించుచుండెను. 1956 చివర ఎడ్మండ్‌సన్ అతనికి ఒక లేఖ వ్రాసి సరస్సు స్థితిని వివరించెను. 1957లో రాష్ట్ర శాసనసభ పలు ఊళ్లు కలిసి ఒక ఉమ్మడి సంస్థను ఏర్పరచుకొనుటకు వీలు కల్పించు చట్టమును చేసినది. అయితే అట్టి సంస్థ కావలెనో వద్దో తేల్చవలసినవారు ప్రజలే. నగరమునందును, దాని వెలుపలనున్న ప్రాంతమునందును వేరువేరుగా మెజారిటీ రావలెనని నియమము.

1958 మార్చిలో మొదటి ఎన్నిక జరిగినది. మురుగు, రవాణా, ప్రాంతీయ ప్రణాళిక అను మూడు పనులను ఒకే సంస్థకు అప్పగింపవలెనని ప్రతిపాదన. నగరము ఒప్పుకొన్నది, చుట్టుప్రక్కల ప్రాంతము కాదన్నది. ప్రతిపాదన వీగిపోయినది. అంతటితో వదలివేయక, దానిని మురుగు పనికి మాత్రమే పరిమితముచేసి, ప్రాంతపు హద్దులను తగ్గించి, అదే సంవత్సరము సెప్టెంబరులో మరల ప్రజలముందుంచిరి. ఈసారి ఉభయులును అంగీకరించిరి. "మెట్రో" అను సంస్థ ఏర్పడినది.

సరస్సు చుట్టును పెద్ద గొట్టములు వేసి, పది ఊళ్ల నీటిని ఒకటిగా చేర్చి సరస్సునుండి మరలించుటయే పథకము. దీనికైన ఖర్చు 14 కోట్ల డాలర్లు. కాలుష్య నివారణకై అంతవరకు ఆ దేశమున ఇంత సొమ్ము వెచ్చించిన పథకము లేదు. పని నడుచుచుండగనే సరస్సు మరింత చెడినది. పత్రికలు దానిని "కంపు సరస్సు" అని వెక్కిరించినవి. మరలింపు 1963లో మొదలై, ఒక్కొక్క కర్మాగారమే తొలగుచు, 1968లో పూర్తియైనది.

కొలత చెప్పిన తీర్పు

నీటి తేటదనమును కొలుచుటకు సులభమైన పరికరమొకటి కలదు. దానిని సెక్కీ బిళ్ల యందురు. 1865లో ఇటలీ శాస్త్రజ్ఞుడు ఏంజెలో సెక్కీ దీనిని సముద్రమున పరీక్షించెను. తెల్లని బిళ్లను త్రాటికి కట్టి నీటిలో దింపుచుందురు. అది కంటికి కనబడకుండపోవు లోతే ఆ నీటి తేటదనమునకు కొలత. వాషింగ్టన్ సరస్సులో ఈ లోతు 1964లో సుమారు 30 అంగుళములు మాత్రమే. 1968 నాటికి అది 10 అడుగులైనది. ఎడ్మండ్‌సన్ చెప్పినట్లే జరిగినది.

నాచును అదుపుచేసినది భాస్వరమా, నత్రజనియా, బొగ్గుపులుసు వాయువా యను వాదము 1960ల చివర అమెరికాలో తీవ్రముగా నడిచినది. సబ్బుపొడులలో భాస్వర లవణములు వాడబడుటయే దీనికి కారణము. ఆ ప్రశ్నకు ఈ సరస్సే సమాధానమిచ్చినది. 1963 నుండి 1969 వరకు శీతకాలపు నీటిలోని ఫాస్ఫేటు నూటికి 28 వంతులకు దిగినది. నైట్రేటు మాత్రము నూటికి 80 వంతులకు పైగా నిలిచియున్నది. బొగ్గుపులుసు వాయువును పెద్దగా తగ్గలేదు. వేసవి నీటిలోని పత్రహరితము, అనగా నాచు పరిమాణము, ఫాస్ఫేటుతోపాటే తగ్గినది. ఎడ్మండ్‌సన్ ఈ ఫలితములను 1970లో ప్రకటించెను.

ఇట్లేల జరిగినది? ఇడ్లీపిండికి ఒక పాలు మినపప్పు, రెండు పాళ్లు రవ్వ కావలెననుకొందము. పప్పు అయిపోయినచో ఇంట రవ్వ బస్తా ఉన్నను మరియొక వాయ వేయజాలము. నాచు శరీరమున ఒక గ్రాము భాస్వరమునకు సుమారు 7 గ్రాముల నత్రజని, 41 గ్రాముల కర్బనము ఉండును. కర్బనము గాలినుండి నీటిలో కరుగును. గాలిలోని నత్రజనిని కొన్ని నీలి-ఆకుపచ్చ శైవలములు స్వయముగా పట్టుకొనగలవు. భాస్వరము మాత్రము గాలినుండి అట్లు లభింపదు. ఇటువంటి సరస్సులలో ముందుగా కొరవడునది అదియే. కావున అది తగ్గినచో నాచు తగ్గును.

సరస్సు ఇంత త్వరగా కోలుకొనుటకు దాని స్వభావమును తోడ్పడినది. అందులోని నీరు రెండున్నర సంవత్సరములకు కొంచెము లోపుగనే పూర్తిగా మారును. లోతు ఎక్కువగుటచే అడుగుననున్న నీటిలో ఆమ్లజని పూర్తిగా అంతరింపలేదు. అందువలన అడుగు బురదలో చేరిన భాస్వరము చాలవరకు అక్కడనే బంధింపబడియున్నది. 1976లో డాఫ్నియా అను నీటిఈగలు విస్తారముగా పెరిగి, నాచును వడగట్టి తినుటచే నీరు ఇంకను తేటపడినది.

పొరుగువారి సంగతి

మన మురుగును మన చెరువునుండి తప్పించి పొరుగువాని వాకిట పోసినచో దానిని బాగుచేయుట యనజాలము. ఈ ప్రశ్న సియాటిల్ ప్రజలకును ఎదురైనది. మరలించిన నీరు చేరినది ప్యూజెట్ సౌండునకే గదా! అక్కడ ఆటుపోటుల ఉరవడి ఎక్కువ. సముద్రమునుండి సహజముగనే లవణములు సమృద్ధిగా వచ్చును. కనుక సరస్సునకు కలిగినంత హాని దానికి కలుగదని శాస్త్రజ్ఞుల అంచనా. అయినను 1966లో తెరచిన వెస్ట్ పాయింట్ కర్మాగారమున మొదట జరిగినది ప్రాథమిక శుద్ధి మాత్రమే. 1990లలో అక్కడ రెండవ దశ శుద్ధి ఏర్పాటైన పిదపనే ఆ బాధ్యత మరికొంత నెరవేరినది.

మన తెలుగునాట ఈ సంగతి మరింత సూటిగా కనబడును. ఇక్కడ గొలుసుకట్టు చెరువులు అనేకము. ఎగువ చెరువు అలుగు దూకిన నీరే దిగువ చెరువునకు ఆధారము. ఎగువ ఊరు వదలిన మురుగు దిగువ ఊరికి నాచుగా చేరును. పైగా మన చెరువులు లోతు తక్కువైనవి. వానిలో గాలికి బురద కదలి, అందులో చేరిన భాస్వరము మరల మరల నీటిలో కలియును. అందుచే చెడిన తరువాత బాగుచేయుట వాషింగ్టన్ సరస్సు విషయమున కంటె కష్టము. చెడకముందే కాపాడుట మేలు.

ఉపాధ్యాయులు విద్యార్థులచే ఒక చిన్న పని చేయింపవచ్చును. 20 సెంటీమీటర్ల వెడల్పుగల రేకు బిళ్లకు తెల్లరంగు వేసి, నడుమ రంధ్రము చేసి, అడుగున బరువు కట్టి, త్రాటికి పది సెంటీమీటర్ల కొకటి చొప్పున ముడులు వేయవలెను. పెద్దల తోడుతో తూము వద్దనుండి, నెలకొకసారి, ఒకే చోట, మధ్యాహ్న సమయమున దానిని దింపి, కనబడకుండపోయిన లోతును తేదీతో సహా పుస్తకమున వ్రాయవలెను. వానలు కురిసిన దినములలో ఒండ్రుమట్టి వలనను నీరు మసకబారును గనుక ఆ సంగతియు ప్రక్కన గుర్తింపవలెను. దిగువ ఊరి పాఠశాల వారును ఇట్లే కొలిచినచో రెండు పుస్తకములను పోల్చి చూచుకొనవచ్చును. వాషింగ్టన్ సరస్సును కాపాడుటకు 1933 నాటి అంకెలు 1955లో పనికివచ్చినవి. నేడు వ్రాసిన అంకెలు మన చెరువునకు ఎప్పుడు అక్కరకు వచ్చునో, అప్పటికి ఆ పుస్తకము బడిలో భద్రముగా ఉండవలెను.