చలి వేకువలో డీజిల్ ఇంజిన్: బాసర యాత్రావాహనాల సందర్భం

కీలకపదాలు: బాసర, యాత్రావాహనం, డీజిల్ ఇంజిన్, హీటర్ ప్లగ్గు, ఇంజిన్ ఆయిల్

నిర్మల్ జిల్లాలో గోదావరి తీరాన వెలసిన బాసర జ్ఞానసరస్వతీ క్షేత్రానికి మాఘ శుద్ధ పంచమినాడు అక్షరాభ్యాసాల కోసం కుటుంబాలు బస్సుల్లో, వ్యాన్లలో తరలివస్తాయి. వంటసామాను, పరుపులతో వచ్చేవి కదిలే ఇళ్ల వంటివే. ఉమ్మడి ఆదిలాబాద్ ప్రాంతంలో శీతకాలపు కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పడిపోవడం పరిపాటి. అటువంటి వేకువన ‘బండి వేడెక్కాలి’ అంటూ కదలకుండానే ఇంజిన్‌ను చాలాసేపు తిరగనివ్వడం డ్రైవర్ల వాడుక. ఈ వాక్యంలో కర్త బండి. వేడెక్కవలసింది అందులోని ఏ భాగమో వాక్యం చెప్పదు. చిక్కంతా అక్కడే ఉంది.

రుడాల్ఫ్ డీజిల్ 1893లో పేటెంటు పొంది, 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజిన్‌లో నిప్పురవ్వకు చోటు లేదు. సిలిండర్‌లో గట్టిగా అదిమిన గాలి వేడెక్కగా, అందులోకి చిమ్మిన ఇంధనం తనంత తానే మండుతుంది. లోహం చల్లగా ఉంటే ఆ వేడిలో కొంత గోడలకే పోతుంది. పూర్తిగా మండని డీజిల్ తెల్లని పొగగా వెలువడుతుంది. చిన్న వాహనాలలో ఈ లోటును హీటర్ ప్లగ్గు తీరుస్తుంది. డాష్‌బోర్డుపై చుట్ట ఆకారపు పసుపు దీపం ఆరిన తరువాతనే సెల్ఫ్ కొట్టడం అందుకే.

ఇక నిలిపి ఉంచి తిప్పడం వల్ల ఒనగూడేది స్వల్పం. ఖాళీగా తిరిగే డీజిల్ ఇంజిన్ గాలిని ధారాళంగా పీల్చుకొని, ఇంధనాన్ని మాత్రం అతి కొద్దిగా మండిస్తుంది. పుట్టిన కొద్దిపాటి వేడిలో కొంత పొగగొట్టం దారి పడుతుంది. మండని ఇంధనం సిలిండర్ గోడలపై ఆయిల్ పొరను కడిగి, కిందికి జారి ఆయిల్‌ను పలుచన చేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 వాహనాలలో మసిని పట్టే ఫిల్టరుకు కూడా ఇది భారమే. డ్రైవరు నమ్ముకొనే ముల్లు నీటి వేడిని చూపుతుందే కాని, దాని వెనుక నెమ్మదిగా కాగే ఆయిల్‌ను కాదు. గేరుబాక్సు, వెనుక ఇరుసులలోని ఆయిల్ అయితే బండి కదలనిదే వేడెక్కదు. పక్క బండిలో నిద్రిస్తున్న పసిపిల్లల వైపు ఆ పొగ మళ్లడం మరొక అపాయం.

అట్లని తాళం తిప్పగానే రేజ్ చేయడమూ తగదు. చల్లని ఆయిల్ చిక్కగా ఉండి టర్బో బేరింగులకు ఆలస్యంగా చేరుతుంది. ఆయిల్ దీపం ఆరి, అర నిమిషమో నిమిషమో గడిచాక, మొదటి కొద్ది కిలోమీటర్లు యాక్సిలరేటరును తేలికగా తొక్కుతూ సాగడం మేలు. ఎయిర్ బ్రేకుల బస్సుకు మాత్రం ట్యాంకులలో గాలి పీడనం నిండేవరకు ఆగక తప్పదు; ఆ నిరీక్షణ బ్రేకుల కోసం, వేడి కోసం కాదు.

నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ వెళ్లే బండి మహబూబ్ ఘాట్ చేరేసరికి అన్ని భాగాలూ కాగి ఉంటాయి. ఎక్కుడు ముగిసిన చోట టీ కోసం ఆపితే, వెంటనే ఇంజిన్ కట్టేయక, టర్బో చల్లబడేందుకు ఒకటి రెండు నిమిషాలు తిరగనివ్వాలి.