గుండెమంటగలవారు వేరుసెనగలు తినవచ్చునా?

వేరుసెనగలను రాయలసీమవారు చెనక్కాయలనియు, తెలంగాణమువారు పల్లీలనియు బిలుతురు. పేరేదైనను, సాయంకాలము మా పాఠశాల ద్వారమునొద్ద కొన్న కాయల పొట్టు మరునాటి యుదయము తరగతిలోనే రాలును. గత సంవత్సరము ఒక విద్యార్థి తండ్రి మాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, మావానికి రాత్రులందు పులిత్రేపులు, రొమ్ములో మంట. వేరుసెనగలు బొత్తిగా మానిపించితిని. సరియేనా?" యని యడిగెను. మేము వైద్యులము గాము. కాని యా బాధ మాకును గలదు. ఆయనతో జెప్పినదానినే యిచ్చట వ్రాయుచున్నాము.

గుండెమంట యనుట పేరునకే. దానికి గుండెతో సంబంధము లేదు. ఆహారమును జీర్ణింపజేయుటకు జఠరములో హైడ్రోక్లోరికామ్లము ఊరును. జఠరపు లోపొర దీనిని దాళుకొనగలదు, అన్నవాహిక దాళుకొనజాలదు. రెంటి నడుమ వలయాకారమగు కండర మొకటి తలుపువలె మూసికొని యుండును. అది వదులైనపుడు ఆమ్లము పైకెగదన్ని మంట పుట్టించును.

వేరుసెనగపప్పు నూరు గ్రాములలో సుమారు 49 గ్రాముల క్రొవ్వు, 25 గ్రాముల మాంసకృత్తులు గలవు. క్రొవ్వు జఠరమును ఆలస్యముగా విడుచును. పైగా ఆ తలుపును సడలించును. కావున పప్పు మితిమీరినచో కొందరికి మంట గలుగుట వింత గాదు. కొందరి కేమియు గాదు. కాని గుప్పెడు పప్పులో, అనగా 30 గ్రాములలో, ఏడు గ్రాములకు పైగా మాంసకృత్తులుండును. పాలు, గ్రుడ్లు అరుదుగా దొరకు నిండ్లలోని పిల్లలకు ఇది స్వల్పలాభము గాదు. విచారింపకయే మానిపించినచో ఆ లాభము పోవును. మంట పోవునను నమ్మకమును లేదు.

మా సంగతియే చూడుడు. రాత్రి భోజనమైన పిదప పరీక్షాపత్రములు దిద్దుచు, నూనెలో వేయించి కారము చల్లిన పప్పు పళ్లెమెడు తినుచుంటిమి. పరుండగనే మంట. నేరమంతయు పప్పుపై మోపి రెండు మాసములు మానితిమి. బదులుగా పకోడీలు తింటిమి! మంట తగ్గలేదు. పిమ్మట సాయంకాలము నాలుగున్నరకు ఉడికించిన కాయలు గుప్పెడు తిని, ఏడింటికి భోజనము ముగించి, పదింటివరకు నడుము వాల్పకుంటిమి. మంచపు తలవైపు కోళ్లక్రింద ఇటుకలుంచితిమి. ఇప్పుడు మంట యరుదు.

ఆ తండ్రికిని ఇదే చెప్పితిమి: రెండు వారములు పప్పు మాని, తరువాత పగటివేళ కొలదిగా నిచ్చి, తిన్నదియు తిన్నవేళయు, మంట వచ్చినదియు లేనిదియు పిల్లవానిచేతనే పుస్తకములో వ్రాయింపుమంటిమి. అయితే మ్రింగుట కష్టమైనను, బరువు తగ్గినను, మలము నల్లనైనను ఇట్టి పరీక్షలతో కాలము గడుపరాదు, వైద్యుని జూడవలయును. పెద్దలలో రొమ్ము నొప్పి చేతికి, దవడకు ప్రాకి చెమటలు పట్టినచో అది నిజముగా గుండెజబ్బు కావచ్చును. తక్షణమే ఆసుపత్రికి బోవలయును. వేరుసెనగ తిన్నంతనే పెదవులు వాచి ఊపిరాడనివారికి ఒక్క గింజయు పనికిరాదు. అది వేరు వ్యాధి.

నెలనాళ్లకు ఆ బాలుడు పుస్తకము తెచ్చి చూపెను. మంట వచ్చిన రాత్రులు ఆరు. ఆ యారింటను వేరుసెనగలు తిన్న దినము ఒక్కటే. తక్కిన యైదును తొమ్మిదింటికి మిరపకాయ బజ్జీలు తిని వెంటనే పరుండిన రాత్రులు. బజ్జీలు తెచ్చుచుండినది తండ్రియే.